ఇన్బవల్లి కంప్యూటర్లో చోటు చాలని రోజు

ఇన్బవల్లికి భయపడటానికి కారణం అక్కర్లేదు. గోడమీది బల్లి పడితే భయం, పడకపోతే ఎప్పుడు పడుతుందోనని భయం. కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుంటుంది, పెట్టకపోతే గబగబా వెళ్లి పొయ్యి ఆర్పేస్తుంది. మా ఇంటి ముందు వాటాలో అద్దెకుండేది. నేను వెనక పెరట్లో మురుకులు వేయించి బస్టాండు అంగళ్లకి వేస్తాను. నాకేమో కోపం ముక్కుమీద ఉంటుంది. మా ఇద్దరికీ ఎలా కుదిరిందో ఆ మురుగన్‌కే తెలియాలి. నేను రోజూ తిట్టేదాన్ని, తను రోజూ వచ్చేది.

తన మొగుడు మాసిలామణి బోర్డులు రాసే పెయింటరు. గోడమీద అతను రాసిన అక్షరం చూస్తే ముట్టుకోబుద్ధేసేది. ఫ్లెక్సులొచ్చాక మా మణప్పారైలో కుంచె పట్టుకునేవాణ్ని పిలిచే దిక్కు లేకపోయింది. సరే కాలం మారిందని ఒక పాత కంప్యూటర్ కొన్నాడు గానీ, ఆ మౌసు పట్టుకుంటే అతని చెయ్యి కొయ్యబారిపోయేది. "ఎలుక తోక పట్టుకుని బొమ్మేసే ఖర్మేంటి నాకు" అని నామక్కల్ వెళ్లిపోయాడు, లారీలకి రంగులెయ్యడానికి. నెలకి రెండుసార్లొస్తాడు. అతని వెనక నిలబడి చూస్తూ నేర్చుకున్నది ఈ పిరికిదే. ఇంట్లో కూర్చుని ఫ్లెక్సులు తయారుచేసి తిరుచ్చికి నెట్‌లో పంపేది. అక్కడి ప్రెస్సువాళ్లు అచ్చేసి, చుట్టచుట్టి బస్సులో పడేసేవాళ్లు.

మా ఊళ్లో మనిషికి ఏం జరిగినా ఫ్లెక్సు లేవాలి. చెవులు కుట్టినా, పిల్ల పెద్దమనిషైనా, పెళ్లయినా, చచ్చినా. అన్నిటికీ కంప్యూటర్లో అచ్చు ఒకటే. మధ్యలో మొహం, పైన పెద్దక్షరాలు, కింద పేర్లు. పెళ్లికి బంగారు రంగు, చావుకి నల్లరంగు, అంతే తేడా. చావు ఫ్లెక్సుల్లో చచ్చినవాడి మొహం కంటే ఏడ్చే పెద్దమనుషుల మొహాలు పెద్దవిగా ఉండటం కూడా మా దగ్గర మామూలే. ఎవరి మొహం ఎంత సైజులో వెయ్యాలన్నదాని మీద తలకాయలు పగిలాయి.

అలా తలకాయలు పగలగొట్టే మనిషి సంగిలిముత్తు. పశువుల సంత గుత్తకి తీసుకున్నవాడు. అతనికి చదువు రాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, తెలుసన్నట్టు ఎవరూ కనపడరు. అక్షరం చదవలేడు కాబట్టి ఫ్లెక్సు మీద తన మొహాన్నే చూసుకుంటాడు, దాన్నే కొలుచుకుంటాడు. ఒకసారి కోవెల ఉత్సవం ఫ్లెక్సులో పక్కవాడి మొహం తనకంటే జానెడు పెద్దదైందని, ఆ పనిచేసిన కుర్రాడి చేతివేళ్లు తలుపు సందులో పెట్టి నొక్కించాడు. ఆ కుర్రాడు ఇప్పుడు టీ కొట్టులో గ్లాసులు కడుగుతున్నాడు. వాడు గ్లాసు పట్టుకున్నప్పుడల్లా ఇన్బవల్లి అటు చూడలేక మొహం తిప్పుకునేది.

ఆ రోజు పొద్దున్నే రెండు పనులొచ్చి పడ్డాయి. సంగిలిముత్తు మనిషి వచ్చి, రేపు అన్న పుట్టినరోజు, సంత గేటు దగ్గర ఇరవై అడుగుల ఫ్లెక్సు లేవాలని చెప్పి పోయాడు. వాడటు వెళ్లాడో లేదో, చిట్రంబలం సార్ పోయారని కబురొచ్చింది. ముసలాయన, ఊళ్లో సగంమందికి అక్షరాలు దిద్దబెట్టిన పంతులు. సాయంత్రం శవాన్ని ఎత్తుతారు, ఈలోపు కన్నీటి ఫ్లెక్సు లేవాలని ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేసి పేర్లు చెప్పారు.

నేను బాణలి ముందు కూర్చున్నాను. ముందు వాటాలోంచి కేక.

"పెద్దమ్మా! మళ్లీ వచ్చింది!"

"ఎవరే? పామా?"

"పెట్టె! ఆ పసుప్పచ్చ పెట్టె!"

చేతుల పిండితోనే వెళ్లాను. తెర కింద మూల పసుప్పచ్చ డబ్బాలాంటిది లేచి కూర్చుంది. వర్చువల్ మెమరీ చాలడం లేదట. దాన్ని చూస్తే చాలు దీనికి చెమటలు.

"చాలడం లేదంటే చాలడం లేదు. అదేమైనా నిన్ను కరుస్తుందా? ఒక పని ముగించి రెండోది మొదలుపెట్టుకో."

"టైమెక్కడుంది పెద్దమ్మా? రెండూ తెరిస్తే మిషను నిలబడిపోతోంది. ఒకటి మూసి ఒకటి తెరవాలంటే సగం పొద్దు పోతుంది."

అప్పుడు చేసింది ఆ తెలివితక్కువ పని. రెండు ఫైళ్లు తెరవడానికి చోటు చాలదు కాబట్టి, ఒకే ఫైల్లో ఇద్దర్నీ పెట్టింది. కింద సారు మొహం, దానిమీద సంగిలిముత్తు మొహం, అంటించిన కాగితాల్లా పొరలు పొరలుగా. ఏ పొర పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే ఆ పొర మాయమవుతుంది, మళ్లీ నొక్కితే ప్రత్యక్షమవుతుంది. బతికున్నవాణ్ని చావు ఫైల్లో పెట్టకూడదని ఈ పనిచేసే ప్రతివాడికీ తెలుసు. దీనికీ తెలుసు. చెంపలేసుకుంది, తప్పు తప్పు అని గొణుక్కుంది, పెట్టింది.

"ఒసే, ఇదేం పనే?" అన్నాను.

"చోటు లేదు పెద్దమ్మా, ఏం చెయ్యను? ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, పీక్కు తింటున్నారు!"

సంగిలిముత్తు పొర పక్కన కన్ను నొక్కింది. తెర కదల్లేదు. ఇసుక గడియారం గుర్తు తిరుగుతూనే ఉంది. మళ్లీ నొక్కింది. కాసేపటికి తెరమీద సారు నవ్వుమొహం వచ్చింది, పైన నల్లటి రంగు, కన్నీటి నివాళి అని తెల్లటి అక్షరాలు. హమ్మయ్య అంది. అచ్చుకి పంపేసింది. నేను నా మురుకుల దగ్గరికి పోయాను.

ఇక పుట్టినరోజుది మిగిలింది. దాని ఫైల్లో పేర్లు పొద్దున్నే వేసి పెట్టుకుంది, మొహం చేర్చాలి. మిషను ససేమిరా కదలనంది. ఏది నొక్కినా ఆ పసుప్పచ్చ పెట్టే. చివరికి హోసూరులో కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు ఎళిలన్‌కి ఫోన్ చేసింది. ఫోను నా చేతిలో పెట్టి స్పీకర్ నొక్కింది, తన చెయ్యి మౌసు మీద ఉండాలని.

"అక్కా, వర్చువల్ మెమరీ పెంచుకుంటే సరిపోతుంది. భయపడకు," అన్నాడు వాడు.

"అదేంట్రా అసలు?" అని నేనడిగాను.

"పెద్దమ్మా, నువ్వు మురుకులు చుట్టేటప్పుడు బల్లమీద చోటు చాలకపోతే ఏం చేస్తావు?"

"పళ్లేలు పక్కగదిలో మంచంమీద పెడతాను. కావలసినప్పుడు తెచ్చుకుంటాను."

"అదే ఇదీ. బల్ల చాలకపోతే మిషను హార్డ్ డిస్కులో కాస్త జాగా తీసుకుని పళ్లేలు అక్కడ పెట్టుకుంటుంది. అక్క మిషన్లో సి గది నిండిపోయింది. డి గది ఖాళీ. మంచం అక్కడికి మార్చాలి, అంతే."

"ఇంత చిన్నదానికా ఇది పొద్దుట్నుంచీ ఏడుస్తోంది?" అన్నాను.

అంత చిన్నది కాదని తర్వాత తెలిసింది. ఒక కిటికీ లోపల ఇంకో కిటికీ, దాని లోపల ఇంకోటి. వాడు చెప్పడం, నేను గట్టిగా అరవడం, ఇది నొక్కడం. సి దగ్గర పేజింగ్ ఫైలు (ఆ మంచం పేరదేనట) వద్దు అన్నచోట చుక్క పెట్టమన్నాడు. పెట్టింది. వెంటనే ఏదో హెచ్చరిక లేచింది, పెద్ద ఆశ్చర్యార్థకంతో.

"అయ్యో, తిడుతోందిరా!" అని ఇన్బవల్లి కుర్చీలోంచి లేచిపోయింది.

"తిట్టనీ. ఎస్ నొక్కు. ఇప్పుడు డి దగ్గర నేను చెప్పే అంకెలు వెయ్యి."

వేసింది. వేసి ఓకే నొక్కింది. మళ్లీ మొదలుపెట్టాలంది మిషను. సరే అంది. తెర నల్లబడింది. నల్లబడి అలాగే ఉండిపోయింది. లోపలెక్కడో గిర్రుగిర్రుమంటోంది గానీ ఏమీ రాదు. ఇన్బవల్లి నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగబడేలాగా.

"పోయింది పెద్దమ్మా. అంతా పోయింది. అన్న మొహం పోయింది. రేపు నా వేళ్లు..."

"నోర్ముయ్. శుభమా అని ఏదో చేస్తుంటే."

చివరికి తెర వెలిగింది. వెలిగీ వెలగ్గానే ఒక పెట్టె. మీ మిషన్లో పేజింగ్ ఫైలే లేదు, లేదా బొత్తిగా చాలదు అని.

ఫోన్లో ఎళిలన్ తల కొట్టుకున్న చప్పుడు వినిపించింది. "అక్కా, అంకెలేశాక సెట్ నొక్కావా?"

"నువ్వు చెప్పలేదు!"

"చెప్పాను!"

"చెప్పలేదురా, ఓకే అన్నావు!"

"సెట్ నొక్కి అప్పుడు ఓకే నొక్కాలి అక్కా! పాత మంచం బయట పారేశావు, కొత్త మంచం వెయ్యలేదు. ఇప్పుడు దానికి పళ్లెం పెట్టుకునే చోటే లేదు."

మళ్లీ అన్ని కిటికీలూ తెరిచాం. డి, అంకెలు, సెట్. ఈసారి సెట్ నొక్కగానే డి పక్కన అంకెలు వచ్చి కూర్చున్నాయి. ఓకే. మళ్లీ నల్లటి తెర. ఇన్బవల్లి కళ్లు మూసుకుని సమయపురం అమ్మవారికి ఏవేవో మొక్కేసుకుంటోంది. ఈసారి తొందరగానే వెలిగింది. ఏ పెట్టే రాలేదు. ఇద్దర్నీ పెట్టిన ఆ ఫైలు తెరిస్తే చకచకా తెరుచుకుంది, ఇదివరకెప్పుడూ అంత చురుగ్గా చూడలేదు నేను.

"చూశావా, ఊరికే చచ్చిపోయావు," అంటూ లేచాను.

ఇది తెర వైపే చూస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందే?"

వేలు చూపించింది. నల్లరంగు. కన్నీటి నివాళి. మధ్యలో మీసాలు మెలేసి, బంగారు గొలుసు వేలాడేసుకుని, సంగిలిముత్తు.

"అన్న పొర... తీసేసి ఉండాలి కదా పెద్దమ్మా. తీశాను. నువ్వూ చూశావు."

తిరుచ్చికి పంపిన బొమ్మ తెరిచింది. దాన్లోనూ సంగిలిముత్తే. అప్పటికి దానికి అర్థమైంది, నాకు ఏడుస్తూ చెప్పింది. ఆ కన్ను గుర్తు రెండుసార్లు నొక్కింది కదా. మొదటి నొక్కుకి అతను మాయమయ్యాడు. రెండో నొక్కుకి మళ్లీ వచ్చాడు. కానీ మిషన్లో చోటు చాలక, తెరమీద ఆ రెండోసారి బొమ్మ గీయలేదు. తెర సారుని చూపిస్తోంది, లోపల ఫైల్లో ఉన్నది సంగిలిముత్తు. ఆ చూపించినదాన్ని నమ్మి పంపేసింది.

తిరుచ్చిలో అచ్చువేసేవాడికి మా ఊరి మొహాలేం తెలుసు? వేసేస్తాడు. ఫోన్ చేశాం. "అది ఎప్పుడో బస్సెక్కిందక్కా," అన్నాడు.

పొయ్యి ఆర్పానో లేదో కూడా గుర్తులేదు. ఆటో పట్టుకుని బస్టాండుకి పోయాం. చుట్టని అప్పుడే సారు శిష్యులు తీసుకుపోయారట. వాళ్లెవరికీ ఫోన్ కలవదు, డప్పుల మోతలో వినపడదు మరి. మళ్లీ అదే ఆటో, సారు ఇంటి వీధికి. దారంతా ఇన్బవల్లి తన కుడిచేతి వేళ్లని ఎడమచేత్తో మూసి పట్టుకునే కూర్చుంది. నేను తిట్టలేదు.

వీధి మొదట్లో ఆటో ఆగిపోయింది, జనం. పందిరికి ఎదురుగా సరుగుడు కర్రల చట్రాన్ని నేలమీద బోర్లా పడుకోబెట్టి, ఫ్లెక్సుకి మేకులు కొట్టడం అయిపోయింది. పది మంది కలిసి ఎత్తుతున్నారు. "ఆపండి! ఆపండయ్యా!" అని అరిచాను. డప్పుల్లో నా గొంతు ఎవరికి వినిపిస్తుంది? చట్రం లేచి నిలబడింది. ముందు డప్పులవాళ్లు చూశారు. ఒక్కొక్క డప్పే ఆగిపోయింది. ఏడుస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూసి, ఏడుపు గొంతులోనే మింగేశారు.

"దించండ్రా, దించండి!" అని ఎవరో అంటుండగానే సంగిలిముత్తు జీపొచ్చింది.

చేతిలో గులాబీల దండ పెట్టుకుని దిగాడు. సారు దగ్గరికి పోబోతూ ఫ్లెక్సు చూశాడు. నిలబడిపోయాడు. దించబోయినవాళ్లు అతను చూస్తుంటే ఎలా దించాలో తెలియక కర్రలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను పందిరి గుంజ వెనక్కి నక్కాను. అవును, ఊరంతటిమీదా నోరు పారేసుకునే నేనే.

అతను నవ్వాడు. మాకెవరికీ అర్థం కాలేదు. అతనికి కనపడేది అంతెత్తున తన మొహం. పక్కన ఇంకెవరి మొహమూ లేదు. సారు చావుకి ఏడ్చేవాళ్లలో తనకే పెద్దపీట వేశారనుకున్నాడు.

"బాగుంది," అన్నాడు. "ఎవరు చేశారు? ఏం రాశారు నా గురించి? చదవండ్రా ఎవరైనా."

ఆ వీధిలో చదువొచ్చినవాళ్లు ఎంతమంది! అందరూ సారు దగ్గర చదువుకున్నవాళ్లే. ఒక్కడి నోరు లేవలేదు. అతని నవ్వు మెల్లగా తగ్గుతోంది.

"ఏంట్రా? ఏం రాశారు?"

నా పక్కన ఇన్బవల్లి లేదు. చూస్తే అతని ముందుంది. నిలువెల్లా వణికిపోతోంది, పైట కొంగు కూడా కదులుతోంది.

"నేనే చేశానన్నా. నేనే చదువుతాను."

ఫ్లెక్సు వైపు తిరిగి మొదలుపెట్టింది. "కన్నీటి నివాళి. మా ఇంటికొచ్చి చెవి పట్టుకుని బడికి లాక్కుపోయిన చెయ్యి ఇవాళ చల్లబడింది. మాకు పేరు రాయడం నేర్పిన మీకోసం మా పేర్లు రాసుకుంటున్నాం."

అతని మొహం నల్లబడింది. "ఇది సారుకి రాసింది కదా?"

"అవునన్నా. సారు మొహం మీ మొహం కింద ఉండిపోయింది. మీది తీయాలి. తీశాననుకున్నాను. మిషన్లో చోటు చాల్లేదు."

"అంటే నేను చచ్చానని రాసి నిలబెట్టావు."

"అవునన్నా."

అతని మనిషి ఒకడు ముందుకొచ్చి దాని చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. అమ్మా, తల్లీ, ఆ చెయ్యి వదిలించు, అనుకున్నాను. ఎవరూ కదల్లేదు. సంగిలిముత్తు గొంతే వినిపించింది.

"కింద అవేంటి? పేర్లా? అవి కూడా చదువు."

మణికట్టు వాడి చేతిలో ఉండగానే చదివింది. ఒక్కో పేరూ, పక్కన ఊరూ. తిరుచ్చి, కరూర్, దిండిగల్. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"ఆగావేం?"

"సం. వేల్‌చామి, సేలం."

సం. అంటే సంగిలిముత్తు, అతని కొడుకు. తండ్రితో మాటల్లేక ఊరొదిలి పోయినవాడు. వాడి పేరు ఇంట్లో ఎత్తితే కంచం విసిరికొడతాడని అందరికీ తెలుసు.

"వాడి పేరు ఎవరు వెయ్యమన్నారు?"

"ఆయనే ఫోన్ చేశాడన్నా. అందరికంటే ముందు ఫోన్ ఆయనదే. మాట్లాడలేకపోయాడు, ఏడుస్తున్నాడు."

సంగిలిముత్తు చాలాసేపు ఆ అక్షరాల వైపు చూశాడు. ఎక్కడ చూడాలో కూడా తెలియదు పాపం, పైనెక్కడో చూస్తున్నాడు.

"రేపటి దాంట్లో వాడి పేరుందా?"

"ఉందన్నా."

"దానికీ వాడే ఫోన్ చేశాడా?"

ఒక్క అబద్ధం చాలు. అవునన్నా అంటే అయిపోతుంది. అనవే, అను, అని నేను గుంజ వెనక పళ్లు కొరుక్కుంటున్నాను. ఇన్బవల్లి తన చేతివైపు చూసుకుంది, అతని మొహంవైపు చూసింది.

"లేదన్నా. మీ మనిషి వెయ్యమన్నాడు."

అతను చెయ్యి పట్టుకున్నవాడి వైపు చూసి తల ఊపాడు, వాడు వదిలేశాడు. దండ తీసుకెళ్లి సారు మెడలో వేశాడు. సారుని ఎత్తేదాకా ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఫ్లెక్సుని మెల్లగా దించి గోడవైపు తిప్పి పెట్టారు. జీపెక్కబోతూ ఇన్బవల్లి దగ్గర ఆగాడు. అది రెండడుగులు వెనక్కి వేసింది.

"రేపటి దాంట్లోంచి వాడి పేరు తీసెయ్యమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చాం. ఇద్దరం మంచినీళ్లు తాగాం. కంప్యూటర్ ముందు కూర్చుని పుట్టినరోజు ఫైలు తెరిచింది. ఆ పేరు మీద నొక్కి తీసేసింది. పేర్లన్నిటికీ పైన, నడిమధ్యలో, అన్నిటికంటే పెద్దక్షరాల్లో ఉన్న పేరు అది. తెల్లగా ఖాళీ మిగిలింది.

"ఇక్కడేం పెట్టను పెద్దమ్మా?" అంది.

అలాగే వదిలెయ్యమన్నాను.